హైదరాబాద్ పబ్బులో బ్యాండు వినాలంటే ఏడున్నరకే వచ్చేయండి

మా పిన్ని కూతురు ఆమధ్య నరసరావుపేట నుంచి ముగ్గురు స్నేహితురాళ్లతో హైదరాబాద్ వచ్చింది. అందరికీ కొత్తగా ఉద్యోగాలొచ్చాయి. మంచి బ్యాండు వినాలి, తనివితీరా డాన్స్ చేయాలి అని నెల రోజుల నుంచి అనుకుంటున్నారట. శనివారం రాత్రి పదింబావుకి ఫోన్ చేసి "అక్కా, ఇప్పుడే క్యాబ్ ఎక్కాం, నువ్వు సౌండ్ చేసే చోటికే వస్తున్నాం" అంది. అప్పటికే నేను ఫేడర్లు (శబ్దాన్ని పెంచే, తగ్గించే మీటలు) దించేసి పావుగంటయింది. గిటార్ అబ్బాయి వైర్లు చుట్టేసుకుంటున్నాడు. వాళ్లు వచ్చేసరికి లోపలి హాల్లో చిన్న స్పీకర్లలో రికార్డు పాటలు తప్ప ఏమీ మిగల్లేదు. చక్కగా తయారై వచ్చిన ఆ పిల్లల మొహాలు చూస్తే నాకు చాలా బాధేసింది. ఈ సంగతులన్నీ ఒకచోట రాసిపెట్టాలని ఆ రోజే అనుకున్నాను.

తొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో లైవ్ సౌండ్ చేస్తున్నాను, అంటే బ్యాండు వాయిస్తుండగానే స్పీకర్లలో వచ్చే శబ్దాన్ని సరిచేసే పని. పెళ్లిళ్లు, కాలేజీ ఫంక్షన్లు కూడా ఒప్పుకుంటాను గానీ వారంలో మూడు రాత్రులైనా పబ్బుల్లోనే ఉంటాను. పనిలో ఉన్నప్పుడు చుక్క ముట్టను. సెలవు రోజైతే ఒక బీరు, ఒక ప్లేటు పల్లీల మసాలా. కాబట్టి ఇక్కడ రాసేదంతా శబ్దాన్ని సరిచేసే కన్సోల్ వెనక నిలబడి చూసిందే.

మొదట టైము సంగతి. మన ఊళ్లో రాత్రి త్వరగా మొదలై త్వరగా అయిపోతుంది. బార్లు మామూలు రోజుల్లో 12 గంటల దాకా, శుక్ర శనివారాల్లో 1 గంట దాకా ఉంటాయి. కానీ అది మందుకీ తిండికీ సంబంధించిన లెక్క. సంగీతం లెక్క వేరే. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటికి వినపడేలా లౌడ్‌స్పీకర్లు పెట్టకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలే చెబుతున్నాయి. జూబ్లీహిల్స్ కాలనీల వాళ్లు కోర్టుకెళ్తే 2022లో మన హైకోర్టు కూడా పది తర్వాత పబ్బుల్లో సంగీతం వద్దని గట్టిగా చెప్పింది. అప్పటి నుంచి నేను పని చేసే టెర్రస్‌లన్నిట్లో పది కొట్టేసరికి బ్యాండు ఆగిపోవాల్సిందే. తలుపులు బిగించుకున్న హాళ్లలో డీజే ఇంకొంచెంసేపు నడుస్తాడు. ఆ కాలనీల వాళ్ల మీద నాకేమీ కోపం లేదు. నేనుండేది యూసుఫ్‌గూడలో. మా పక్కింటి పిల్ల ఇంటర్ పరీక్షలకు చదువుతుంటే గోడ అవతల స్పీకర్ల బేస్ (లోతైన శబ్దం) దడదడలాడితే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

అందుకే ఏడున్నరకి రండి. బ్యాండు సాధారణంగా ఎనిమిదికి మొదలుపెడుతుంది. మధ్యలో పావుగంట విరామం, పదికి ముగింపు. తొమ్మిదిన్నరకి వస్తే మీరు వినేది చివరి ఐదారు పాటలే. పైగా అప్పటికి మంచి సీట్లన్నీ నిండిపోయి ఉంటాయి.

ఇక వారం. మొదటిసారి వచ్చేవాళ్లకు నేను గురువారమే చెబుతాను. శుక్ర శనివారాల్లో జనం విరగబడతారు, కవర్ ఛార్జీ (లోపలికి వెళ్లడానికి కట్టే డబ్బు) పెరుగుతుంది, జనం డీజే కోసమే వస్తారు కాబట్టి బ్యాండును అంతగా పట్టించుకోరు. గురువారం వచ్చేవాళ్లు వింటారు. ఆ తేడా స్టేజీ మీదున్న వాళ్లకి ఇట్టే తెలిసిపోతుంది, వినేవాళ్లుంటే వాయించే చేయి మారుతుంది. చాలాచోట్ల తెలుగు పాటల రాత్రులు కూడా వారం మధ్యలోనే పెడుతున్నారు. నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో పబ్బుల్లో తెలుగు పాట అడిగితే మేనేజర్లు మొహం చిట్లించేవాళ్లు. ఇప్పుడు తెలుగు బ్యాండు అంటే వారం ముందే టేబుళ్లు అయిపోతున్నాయి. ఈ మార్పు నా కళ్ల ముందే జరిగింది, చెప్పుకోవడానికి గర్వంగా ఉంటుంది.

రావాలనుకున్న రోజు డ్రై డే, అంటే మందు అమ్మకూడని రోజు, కాదు కదా అని చూసుకోండి. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 ఎలాగూ మూసేస్తారు. పోలింగ్ ముగిసే సమయానికి 48 గంటల ముందు నుంచీ బంద్. వినాయక నిమజ్జనం, బోనాలు, హోలీ లాంటి రోజుల్లో పోలీసులు ఆయా ప్రాంతాలకు విడిగా ఆర్డర్ ఇస్తారు. ముందు రోజు పేపర్లో వస్తుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది మీకేం కావాలన్న దాన్ని బట్టి ఉంటుంది. జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36, 45 చుట్టుపక్కల పబ్బులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి నచ్చకపోతే నడిచి ఇంకోదానికి పోవచ్చు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ వైపు ఆఫీసుల జనం ఎక్కువ, హాళ్లు కాస్త విశాలంగా ఉంటాయి, అక్కడికక్కడే బీరు కాచే బ్రూవరీలు కూడా అటే ఎక్కువ. అసలు మందే వద్దు, పాట చాలు అనుకుంటే బంజారాహిల్స్ రోడ్ నంబర్ 1 దగ్గర లామకాన్ ఉంది. 2010 నుంచి నడుస్తోంది. చెట్టు కింద కూర్చుని చాయ్ తాగుతూ గజల్ వినొచ్చు, నాటకం చూడొచ్చు. పెద్దవాళ్లతో వస్తే నేను అక్కడికే పంపిస్తాను.

బయల్దేరే ముందు ఒక్క ఫోన్ కాల్ చేయండి. యాప్‌లో టేబుల్ బుక్ చేసుకున్నా సరే, చేయండి. అడగాల్సింది ఏమిటంటే, ఈ రోజు బ్యాండా డీజేనా, ఎన్నింటికి మొదలు. కవర్ ఛార్జీ ఎంత, అందులో ఎంత తిరిగి వాడుకోవచ్చు, తిండికా మందుకా రెండిటికీనా. మగవాళ్లే వస్తే లోపలికి రానిస్తారా. చెప్పులతో రావచ్చా. ఈ కవర్ ఛార్జీ మాట గట్టిగా అడగమని చెప్పడానికి కారణముంది. ఒకచోట మా డ్రమ్మర్ వాళ్ల తమ్ముడు నలుగురు స్నేహితులతో వచ్చి తలా వెయ్యి కట్టాడు. లోపలికెళ్లాక, అది మందుకే వర్తిస్తుంది, తిండికి విడిగా కట్టాలన్నారు. ఆ ఐదుగురిలో ఇద్దరు తాగరు. తలుపు దగ్గరే అడిగి ఉంటే వాళ్లు వేరే చోటికి వెళ్లేవాళ్లు.

మగపిల్లలే ఐదారుగురు కలిసి శనివారం వస్తే చాలా క్లబ్బుల గుమ్మం దగ్గరే ఆపేస్తారు. దానికి బౌన్సర్‌తో గొడవ పెట్టుకోవద్దు, ఆయన చేతిలో ఏమీ ఉండదు. వారం మధ్యలో రండి, లేదా బ్రూవరీకి వెళ్లండి, లేదా టికెట్ పెట్టి అమ్మే బ్యాండు షోకి రండి. ఈ మూడు చోట్లా మగవాళ్లే వచ్చారని ఆపడం నేను చాలా తక్కువ చూశాను. తెలంగాణలో మందు కొనడానికి, తాగడానికి 21 నిండాలి. ఆధార్ గానీ లైసెన్సు గానీ దగ్గరుంచుకోండి. ఫోన్లో తీసిన ఫొటో చూపిస్తే కొందరు ఒప్పుకోరు.

ఇప్పుడు నేను బాగా చెప్పగలిగిన విషయానికి వస్తాను, ఎక్కడ కూర్చోవాలన్నది.

లోపలికి రాగానే సీటు కోసం స్టేజీ వైపు పరుగెత్తకండి. ముందు కన్సోల్ ఎక్కడుందో వెతకండి. చిన్న చిన్న దీపాలు మెరుస్తుంటాయి, వెనక ఒకరు హెడ్‌ఫోన్స్ మెడలో వేసుకుని నిలబడి ఉంటారు. ఆ మనిషి చెవికి ఏది సరిగ్గా వినిపిస్తే అదే మిక్స్, అంటే గొంతు, వాయిద్యాలు అన్నీ కలిసి స్పీకర్లలో వచ్చే శబ్దం. అందుకని ఆ మనిషి ముందున్న రెండు మూడు టేబుళ్లలో పాట ఎలా ఉండాలో అలా వినిపిస్తుంది. స్టేజీకి ఆనుకుని కూర్చుంటే డ్రమ్స్, గిటార్ ఆంప్ (గిటార్ స్పీకర్ పెట్టె) నేరుగా చెవిలో కొడతాయి, గొంతు మాత్రం మీ తల మీదుగా వెనక్కి వెళ్లిపోతుంది. పాటలో మాటలు వినపడలేదని తిట్టుకునేవాళ్లలో ఎక్కువమంది ముందు వరసలో కూర్చున్నవాళ్లే. మూలలు ఇంకా అన్యాయం. బేస్ గోడల దగ్గర, మూలల్లో పోగవుతుంది. అక్కడ సోఫాలు మెత్తగా, అందంగా ఉంటాయి గానీ రెండు గంటలు కూర్చుంటే గుండెల మీద ఎవరో గుద్దుతున్నట్టుంటుంది.

ఇంకో సంగతి. సాయంత్రం ఆరింటికి సౌండ్‌చెక్ చేసేటప్పుడు హాలు ఖాళీగా ఉంటుంది. నేను మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొడతాను. ఆ చప్పుడు గాజు గోడలకి తగిలి, సిమెంటు పైకప్పుకి తగిలి గలగలమంటూ తిరిగొస్తుంది. జనం నిండాక మళ్లీ కొడితే ఆ గలగల ఉండదు. మనుషుల ఒళ్లు, బట్టలు ఆ సన్నటి పైస్థాయి శబ్దాలని పీల్చేసుకుంటాయి. అందుకే మొదటి రెండు పాటలప్పుడు నా చేతులు ఖాళీగా ఉండవు. గొంతులో పైస్థాయి శబ్దం కాస్త పెంచుతాను, డ్రమ్స్ మీది తాళాల మోత సరిచేస్తాను. మొదటి పాట సరిగ్గా లేదని లేచిపోకండి, మూడో పాటకి హాలు కుదురుకుంటుంది.

అప్పటికీ మీకు సరిగ్గా వినపడకపోతే వచ్చి చెప్పండి. మొహమాటపడొద్దు. కిందటేడాది ఒక గురువారం, అరవై దాటిన దంపతులు వచ్చారు. కూకట్‌పల్లి నుంచట. పెళ్లిరోజని కొడుకు టేబుల్ బుక్ చేసి పంపాడు. ఆవిడ నారింజ రంగు గద్వాల చీర కట్టుకున్నారు. నాలుగో పాటప్పుడు ఆయన నెమ్మదిగా కన్సోల్ దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ ఫ్లూటు కాస్త పెంచుతావా, మా ఆవిడకి ఒక చెవి సరిగ్గా వినపడదు" అన్నారు. గిటార్‌ని కొంచెం తగ్గించి ఫ్లూటును పైకి తెచ్చాను. ఆవిడ అటు నుంచి నా వైపు తిరిగి రెండు చేతులూ జోడించారు. తర్వాతి పాటకి ఇద్దరూ లేచి, టేబుల్ పక్కనే, చేతులు పట్టుకుని నాలుగడుగులు వేశారు. ఆ రాత్రి ఇంటికెళ్లాక కూడా నాకు చాలాసేపు నిద్రపట్టలేదు.

చెవుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ శబ్దాన్ని రోజుకు 8 గంటలు తట్టుకోవచ్చని నిపుణుల లెక్క. ఆపైన పెరిగే ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగమైపోతుంది. 100కి చేరితే పావుగంటే. డీజే నైట్‌లో స్పీకరు దగ్గర నా మీటరు 100 దాటడం మామూలే. కాబట్టి స్పీకర్ ముందు నిలబడి డాన్స్ చేయకండి, పక్కకి జరగండి. మందుల షాపులో స్పాంజి ఇయర్‌ప్లగ్స్ దొరుకుతాయి, ఖరీదూ తక్కువే. వేళ్ల మధ్య నులిమి సన్నగా చేసి చెవిలో పెడితే లోపల ఉబ్బుకుంటుంది. పాట వినపడుతూనే ఉంటుంది, పోటు తగ్గుతుంది. ఇంటికెళ్లాక చెవిలో కీచుమంటుంటే అది చెవి చేసే ఫిర్యాదు. రెండు రోజులు విశ్రాంతివ్వండి. నాతో పనిచేసిన ఒక సీనియర్ అన్న ఇప్పుడు ఎడమ చెవితో ఫోన్ మాట్లాడలేడు.

మందు గురించి నేను చెప్పేది తక్కువే. ముందు తినండి. ఖాళీ కడుపుతో తాగేవాళ్లే తొమ్మిదింటికల్లా కుర్చీలో వాలిపోయి బ్యాండుని కోల్పోతారు. చిన్న పెగ్గు 30 మిల్లీలీటర్లు, పెద్దది 60. మీరు ఏది చెప్పారో వెయిటర్‌తో ఖాయం చేసుకోండి, రెంటికీ మధ్య బిల్లులోనే కాదు ఒంట్లోనూ తేడా ఉంటుంది. బ్రూవరీకి వెళ్తే మొదట గోధుమ బీరు అడగండి, తేలిగ్గా ఉంటుంది, అరటిపండు వాసన లీలగా తగులుతుంది. చాలాచోట్ల చిన్న గ్లాసుల్లో నాలుగైదు రకాలు రుచి చూపిస్తారు, అడగడానికి సిగ్గుపడకండి. కూల్‌డ్రింకులా తియ్యగా ఉండే లాంగ్ ఐలాండ్ లాంటి కాక్‌టెయిల్స్‌తో జాగ్రత్త. అందులో వోడ్కా, జిన్, రమ్, టకీలా అన్నీ కలిపి పోస్తారు. తియ్యగా ఉందని గటగటా తాగేవాళ్లని చాలామందిని చూశాను. ప్రతి గ్లాసు తర్వాత ఒక గ్లాసు మంచినీళ్లు తాగండి. ఆడపిల్లలు గానీ మగపిల్లలు గానీ గ్లాసు టేబుల్ మీద వదిలేసి డాన్స్‌కి వెళ్లొద్దు. వెళ్తే తిరిగొచ్చాక అది తాగొద్దు, కొత్తది తెప్పించుకోండి. డబ్బులు పోతే పోనీ.

బిల్లు వచ్చాక ఒక నిమిషం చదవండి. మందు జీఎస్టీలోకి రాదు, దానికి వ్యాట్ పడుతుంది. తిండికి మామూలు రెస్టారెంట్లయితే 5 శాతం జీఎస్టీ. మందు మీద జీఎస్టీ వేయకూడదు. సర్వీస్ ఛార్జీ అని ఇంకో గీత కనిపిస్తే అది కట్టి తీరాలన్న నియమం లేదు. 2022లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ ఆ మాట చెప్పింది, 2025లో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. మర్యాదగా తీసేయమంటే తీసేస్తారు. ఆ డబ్బులో కొంత మీకు వడ్డించిన అబ్బాయి చేతిలో పెడితే అతను నిజంగా సంతోషపడతాడు.

డాన్స్ రాదని కూర్చుండిపోయేవాళ్లకి ఒక మాట. మన హైదరాబాద్‌కి తనదైన దరువు ఒకటుంది, తీన్మార్. అది మర్ఫా వాద్యాల నుంచి వచ్చింది. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చి అశ్వికదళంలో పని చేసిన సిద్దీలు, యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు తెచ్చిన వాయిద్యం. ఆ దళం పేరు మీదే మన ఏసీ గార్డ్స్ ప్రాంతం ఉంది, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. పెళ్లి ఊరేగింపుల్లో, బోనాల్లో, గణేశ్ నిమజ్జనంలో మనందరి కాళ్లూ ఆ దరువుకి అలవాటు పడినవే. ఎంత ఇంగ్లీషు బ్యాండైనా ఆఖర్లో మా డ్రమ్మర్ స్నేర్ డ్రమ్ మీద తీన్మార్ ఎత్తుకున్నాడంటే సూటేసుకున్న మేనేజర్ దగ్గర్నుంచి వంటింట్లోంచి తొంగిచూసే కుర్రాడి దాకా భుజాలు కదుపుతారు. దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. మీరు కూడా అప్పుడే లేవండి.

డాన్స్ ఫ్లోర్ మీద ఒకటే పద్ధతి. తెలియని మనిషికి చెయ్యి దూరం వదలండి, ఎవరి వైపూ ఫోన్ కెమెరా పెట్టకండి. ఎవరైనా వెంటపడి విసిగిస్తుంటే బార్ కౌంటర్ దగ్గరికి గానీ నా లాంటి వాళ్ల దగ్గరికి గానీ వచ్చేయండి. చాలాచోట్ల ఆడ బౌన్సర్లు కూడా ఉంటారు, వాళ్లకి చెప్పండి. అక్కడా తేలకపోతే 100 గానీ 112 గానీ కొట్టండి. ఆడవాళ్ల రక్షణ కోసం 2014 నుంచి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, పిలిస్తే పలుకుతారు. నేను ఒకసారి పిలిచాను, వచ్చారు.

ఇంటికి చేరే దారి మొదటి గ్లాసుకి ముందే అనుకోవాలి. తర్వాత అనుకుంటే బుర్ర పనిచేయదు. చట్టం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే డ్రంక్ అండ్ డ్రైవ్. మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. ఒంటి బరువుని బట్టి, తిన్నదాన్ని బట్టి 30 ఎప్పుడు దాటుతుందో ఎవరూ చెప్పలేరు. రెండు బీర్లకే కదా అని బండి తీసినవాళ్లు దొరికిపోవడం చెక్‌పోస్ట్ దగ్గర ఎన్నిసార్లు చూశానో. దొరకనివాళ్ల గురించే నాకు ఇంకా భయం. తాగేవాళ్లు బండి తాళంచెవులు ఇంట్లోనే పెట్టి రండి. కారు తేక తప్పకపోతే గంటల లెక్కన వచ్చే డ్రైవర్‌ని ముందే మాట్లాడుకోండి.

రోడ్ నంబర్ 36 వైపు వస్తే పెద్దమ్మగుడి మెట్రో స్టేషన్ ఉంది. చివరి రైళ్లు 11 గంటల ప్రాంతంలో కదులుతాయి, ఆ రోజు టైము యాప్‌లో చూసుకోండి. బ్యాండు పదికి అయిపోతుంది కాబట్టి బిల్లు కట్టి తీరిగ్గా నడిచినా రైలు దొరుకుతుంది. క్యాబ్ అయితే పన్నెండింటికి అందరూ ఒకేసారి బయటపడేటప్పుడు ధర రెట్టింపు చూపిస్తుంది. దానికి అరగంట ముందే బుక్ చేయండి. ఎక్కే ముందు నంబర్ ప్లేట్ చూడండి, లైవ్ లొకేషన్ ఇంట్లో ఒకరికి పంపండి.

మా చెల్లి వాళ్లు పోయిన నెల మళ్లీ వచ్చారు. ఈసారి గురువారం. ఏడూ ఇరవైకే గుమ్మంలో ఉన్నారు, నా సౌండ్‌చెక్ ఇంకా కాలేదు. కన్సోల్ ముందున్న టేబుల్ చూపించాను. ఒకరు గోధుమ బీరు, ముగ్గురు నిమ్మకాయ సోడా, అందరికీ కలిపి రెండు ప్లేట్లు అపోలో ఫిష్. తీన్మార్ ఎత్తుకున్నప్పుడు నలుగురూ చెప్పులు విప్పేసి ఫ్లోర్ మీదికి వెళ్లారు. నేను ఆఖరి కేబుల్ చుడుతుండగా పదీ నలభైకి మెసేజ్ వచ్చింది: "పెద్దమ్మగుడిలో ఎక్కేశాం అక్కా. సీట్లు కూడా దొరికాయి."